పొలాలన్నీ ఒకటే మొక్క

శ్రోతలకు నమస్కారం.

చేమదుంపల పులుసు మనకు ఒక కూర. పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులవాళ్లకు మాత్రం చేమదుంప అంటే అన్నమే. తాలో అంటారు. లేత చేమాకులో కొబ్బరిపాలు పోసి, పొట్లం కట్టి కాల్చుకునే వంటకం కూడా ఉంది వాళ్లకు. వింటుంటేనే నాకు ఆకలేస్తోంది.

1990, 91ల్లో అక్కడ వరసగా రెండు పెద్ద తుఫాన్లు వచ్చాయి. మళ్లీ నాటేటప్పుడు ఎక్కువమంది ఒకే రకం నాటారు. పేరు తాలో నియూ. రుచి బాగుంటుంది, న్యూజిలాండ్‌లో గిరాకీ ఉంది. మనమైనా అదే నాటేవాళ్లం. కానీ చేమను పిలకలతో నాటుతారు కదా. పిలక అంటే మళ్లీ తల్లి మొక్కే. ఎన్ని పొలాలు నాటినా ఒకటే మొక్క.

1993లో ఆకుమాడు తెగులు వచ్చింది. ముందు ఆకు మీద చిన్న గోధుమరంగు మచ్చ, దాని మీద పసుపు రంగు బొట్లు. మచ్చ పెరిగి ఆకంతా మాడిపోతుంది. వానజల్లు పక్క ఆకుకు అంటిస్తుంది. పక్కదీ అదే మొక్క, దాని పక్కదీ అదే మొక్క. మరుసటి ఏడాదికి ఎగుమతులు దాదాపు ఆగిపోయాయి.

కాపాడినవి వేరే దీవుల పాత రకాలు. పలావ్, మైక్రోనేషియా దీవుల నుంచి తెగులుకు తట్టుకునేవి తెచ్చారు. (పలావ్ అంటే మన పలావు కాదండోయ్!) వాటితో సంకరం చేశారు. రైతులే పొలంలో పెంచి, వండి, రుచి చూసి, నచ్చినవి ఉంచుకున్నారు. ఏళ్లు పట్టింది గానీ, న్యూజిలాండ్‌కు ఎగుమతి మళ్లీ మొదలైంది.

అలాంటి రకాలను దాచడానికే 1998లో ఫిజీలోని సువాలో ఒక కేంద్రం పెట్టారు. చెరకు తోటల్లో కూలికి మన తెలుగువాళ్లు కూడా వెళ్లిన ఫిజీయే. పిలకలతో పెరిగే చేమను వడ్లలాగా ఎండబెట్టి డబ్బాలో పోయలేం. అందుకని గాజుగొట్టాల్లో, వేలెడంత మొక్కలుగా, బతికుండగానే దాస్తారు. కొన్నాళ్లకోసారి కత్తిరించి కొత్త గొట్టంలోకి మార్చాలి. చేమ రకాలే వెయ్యికి పైగా ఉన్నాయి. కరెంటు పోతే ఎలాగని నాకైతే టెన్షన్!

మనకు గాజుగొట్టాలు అక్కర్లేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు పెరట్లో పాత చేమ ఉంటే రెండు పిలకలు తవ్వండి. ఒకటి మీకు, ఒకటి వేరే ఊళ్లోని చుట్టాలకు. అమ్మమ్మ దాన్ని ఏ పేరుతో పిలిచేదో అడిగి, చీటీ మీద రాసి కట్టండి. పేరు అడగడం మాత్రం మరిచిపోవద్దు.