నడుము నొప్పి నేరం సూదిదేనా?

(బెంగళూరు స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: ఒక మత్తు డాక్టర్, ఒక ఫిజియోథెరపిస్టు, మారతహళ్లిలో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కూతురి పురిటికి కర్నూలు నుంచి వచ్చిన ఆమె తల్లి.)

సమన్వయకర్త: కాన్పయిన పదేళ్లకు నడుము పట్టేసినా మన ఇళ్లలో ఒకటే మాట: "ఆ రోజు వెన్నులో సూది వేశారు కదా!" అమ్మా, మీరూ అదే అంటున్నారట?

తల్లి: అన్నాను, ఇప్పటికీ అంటాను. నావి రెండూ మామూలు కాన్పులే, ఏ సూదీ లేదు. అమ్మాయికి ఎపిడ్యూరల్ ఇచ్చారు, అదే, కాన్పు నొప్పులు తెలియకుండా వెన్నులో వేసే సూది. ఎనిమిది నెలలైంది, బిడ్డను ఎత్తుకుంటే చాలు, నడుము పట్టుకుని కూలబడుతుంది.

సమన్వయకర్త: మీకెప్పుడూ నడుము నొప్పి రాలేదా?

తల్లి: రాకేం! బిందెలతో నీళ్లు మోశాను కదా. అది పనివల్ల వచ్చిందనుకున్నాను.

డాక్టర్: నేను చెప్పాల్సిన దాంట్లో సగం అమ్మగారే చెప్పేశారు. సూది లేకపోతే పని మీదికి, సూది ఉంటే సూది మీదికి పోతుంది నింద. అసలు ఈ సూది వెన్నుపామును తాకదు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి రెండు పూసల దగ్గరే ముగుస్తుంది. మేం సాధారణంగా అంతకు కిందనే గుచ్చి, సన్నని గొట్టం పెట్టి, సూది వెంటనే తీసేస్తాం. కాన్పు కాగానే గొట్టమూ తీసేస్తాం. గుచ్చిన చోట కొన్ని రోజులు నొక్కితే నొప్పి ఉంటుంది, కమిలినట్టు. అంతే.

సమన్వయకర్త: పరిశోధనల్లోనూ సంబంధం ఉందని తేలింది కదా?

డాక్టర్: మంచి ప్రశ్న. 1990లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన అధ్యయనం అది. 11,701 మంది తల్లులను కాన్పులైన కొన్నేళ్ల తరవాత అడిగారు. ఎపిడ్యూరల్ తీసుకున్నవారిలో 18.9 శాతం మంది, తీసుకోనివారిలో 10.5 శాతం మంది దీర్ఘకాలం నడుము నొప్పి ఉందన్నారు. భయం అక్కడి నుంచే పాకింది. కానీ ఎవరూ చెప్పుకోని ముక్క ఒకటుంది: నొప్పులు రాకముందే సిజేరియన్ చేయించుకున్నవారిలో ఈ తేడా లేదు. తప్పు సూదిదే అయితే వాళ్లను మాత్రం ఎందుకు వదిలింది? తిమ్మిరి వల్ల కాన్పు సమయంలో గంటల తరబడి తప్పు భంగిమలో ఉండిపోయి ఉంటారని ఆ పరిశోధకులే అనుమానించారు. పైగా ఏళ్ల తరవాత అడిగితే, సూది వేయించుకున్న రోజు గుర్తున్నంతగా ఇంకేం గుర్తుంటుంది? 1994లో అమెరికాలో కాన్పు నాటి నుంచే గమనిస్తే, నెలా రెండు నెలల తరవాత నొప్పి ఉన్నవారు సూది వేయించుకున్నవారిలో 44 శాతం, వేయించుకోనివారిలో 45 శాతం. సూది ఉన్నా లేకున్నా ఒకటే. స్త్రీలను లాటరీ పద్ధతిలో జట్లుగా విడదీసిన ప్రయోగాలను కలిపి చూసిన 2018 నాటి కొక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ సమీక్షలోనూ దీర్ఘకాలిక నొప్పిలో తేడా కనిపించలేదు.

ఉద్యోగిని: మరి నాకెందుకు తగ్గడం లేదు డాక్టర్ గారూ?

ఫిజియోథెరపిస్టు: గర్భంతో ఉన్నప్పుడు నొప్పి ఉండేదా?

ఉద్యోగిని: ఏడో నెల నుంచి.

ఫిజియోథెరపిస్టు: అప్పటికి సూది రాలేదు కదా! ఆ నెలల్లో హార్మోన్లు కటి కీళ్లను వదులు చేస్తాయి, బరువు ముందుకు లాగుతుంది, పొట్ట కండరాలు సాగిపోతాయి. బిడ్డ పుట్టినంత మాత్రాన అవి మర్నాడే బిగుసుకోవు. పాలు ఎలా ఇస్తారు?

ఉద్యోగిని: మంచం అంచున కూర్చుని, వంగి. సెలవు 26 వారాలతో అయిపోయింది. ఇప్పుడు అవుటర్ రింగ్ రోడ్డు మీద రోజూ రెండు గంటలు, ఆఫీసు కుర్చీలో తొమ్మిది గంటలు.

ఫిజియోథెరపిస్టు: ఇన్ని పెట్టుకుని సూదిని అంటారేమిటమ్మా! బిడ్డను ఒళ్లో దిండు మీదికి ఎత్తి పెట్టుకోండి, మీరు వంగకండి. పొట్ట, నడుము కండరాలకు వ్యాయామాలు నేర్చుకోండి.

తల్లి: నడికట్టు కడితే?

ఫిజియోథెరపిస్టు: హాయిగా ఉంటే కొన్నాళ్లు కట్టుకోవచ్చు. కండరం చేసే పని గుడ్డ చేయదు.

సమన్వయకర్త: డాక్టర్ గారూ, అయితే సూదికి అసలు ఏ దోషమూ లేదంటారా?

డాక్టర్: అలా అనను. నూటికి ఒకరికి అటూ ఇటుగా తీవ్రమైన తలనొప్పి వస్తుంది. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. దానికి చికిత్స ఉంది. చాలా అరుదుగా లోపల రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం ఉంటాయి. జ్వరంతో పాటు నడుము నొప్పి పెరుగుతున్నా, కాళ్లు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలి.

తల్లి: అయితే రెండో కాన్పుకు సూది కావాలంటే నేను అడ్డుపడకూడదా?

డాక్టర్: నడుము పేరు చెప్పి మాత్రం వద్దు.

ఉద్యోగిని: రెండో కాన్పు ఊసు ఎవరెత్తారమ్మా ఇక్కడ?