ఓడ టికెట్టుకు అప్పు

శ్రోతలకు నమస్కారం. పరిశోధనలో ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న పిల్లలకిచ్చే ఫెలోషిప్పుల గురించి చెప్పమన్నారు. పథకాల పేర్లన్నీ చదివితే మీరు రేడియో కట్టేస్తారు. ఒక్క కథ చెబుతాను.

1851లో లండన్‌లో ఓ పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. ఖర్చులు పోగా బోలెడు డబ్బు మిగిలింది. ఆ మిగులుతోనే 1891లో యువ శాస్త్రజ్ఞులకు స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. న్యూజిలాండ్ వంతుకు వచ్చింది ఒక్కటే, అదీ రెండేళ్లకోసారి. ఓసారి దానికి ఇద్దరు పోటీపడ్డారు. మెక్లారిన్ అనే కెమిస్ట్రీ ఆయనకి వచ్చింది. రెండో అబ్బాయికి రాలేదు. చదువులో దిట్టే, కానీ బడిపంతులు ఉద్యోగం కూడా కుదురుగా దొరకలేదు.

ఇంతలో మెక్లారిన్ తనకు వద్దన్నారు. కబురు వచ్చేసరికి ఈ అబ్బాయి పొలంలో బంగాళాదుంపలు తవ్వుతున్నాడట. పార అవతల పడేసి, ‘నేను తవ్వే ఆఖరి దుంప ఇదే’ అన్నాడట. తర్వాత ఎవరైనా అల్లారేమో తెలీదు గానీ, నాకైతే నమ్మాలనే ఉంటుంది. ఆ అబ్బాయే రూథర్‌ఫర్డ్. 1908లో నోబెల్, 1911లో పరమాణు కేంద్రకాన్ని కనిపెట్టాడు.

అందరూ ఇక్కడే చప్పట్లు కొట్టి ఆపేస్తారు. ఏడాదికి 150 పౌండ్లు ఇస్తామన్నారు, బాగుంది. మరి పరిశోధన చేయడానికి ఇంగ్లండ్ చేరేదెలా? 1895లో ఆయన ఓడ టికెట్టుకు అప్పు చేశాడు. ఫెలోషిప్ వచ్చింది, చేతిలో డబ్బు లేదు.

ఇప్పుడూ అంతే. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్లయ్యాక 42,000. తక్కువేం కాదు, సమయానికి వస్తే. నెలల తరబడి రాలేదని పిల్లలు గోల పెట్టడం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. రూము అడ్వాన్సు, మెస్సు బిల్లు మాత్రం ఆగవు. మొదటి విడత అందేదాకా యూనివర్సిటీయే కొంత ముందు సర్ది, తర్వాత పట్టుకుంటే ఏం పోతుంది?

అది జరిగేలోగా, ఈ ఏడాది చేరుతున్నవాళ్లకు ఒక్క మాట. యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, ఇచ్చే ఫెలోషిప్ అయితే, మీరు పనిచేస్తున్నారని మీ సంస్థ నెలనెలా పోర్టల్‌లో ధ్రువీకరించాలి. అప్పుడే డబ్బు కదులుతుంది. ఆఫీసులో ఆ పని చూసేది ఎవరు, ఏ తారీఖులోగా చేస్తారు, ఆయన సెలవు పెడితే ఎవరు చేస్తారు? చేరిన వారంలోనే వెళ్లి కనుక్కోండి.