తలనొప్పే కదా అని పడుకోవద్దు

శ్రోతలకు నమస్కారం. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి బెంగళూరుకు కట్టడం పనులకు వచ్చిన కుటుంబాల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్లూ ఉంటారు. వైట్‌ఫీల్డ్‌లోనో, ఎలహంకలోనో రేకుల షెడ్డులో కాపురం. పక్కన అమ్మ ఉండదు, అత్త ఉండదు. అందుకే ఈ నాలుగు మాటలు వాళ్లతో పాటు వాళ్ల భర్తలూ వినాలి.

రక్తం కనిపిస్తే ఎవరైనా ఆసుపత్రికి పరుగెత్తుతారు. నొప్పి లేకపోయినా పరుగెత్తాల్సిందే. నా దిగులంతా తలనొప్పి గురించి. ఐదో నెల దాటాక తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, పక్కటెముకల కింద నొప్పి, ముఖమూ చేతులూ ఉబ్బడం... ఇవి బీపీ పెరిగిన గుర్తులు కావచ్చు. సాయంత్రానికి పాదాలు వాయడం చాలామందికి ఉండేదే. పొద్దున లేచేసరికే ముఖం ఉబ్బి ఉంటే మాత్రం సంగతి వేరు. "నీరు పట్టింది, మామూలే" అని ఊళ్లో పెద్దవాళ్లు ఫోన్లో ధైర్యం చెబుతారు. ప్రేమతోనే చెబుతారు, కానీ ఆ మాట పట్టుకుని ఆగకండి. ఎండలో పనిచేసినందుకు వచ్చిందిలే అని మెడికల్ షాపు మాత్ర వేసుకుని పడుకుంటే, బీపీ ముదిరి ఫిట్స్ రావచ్చు. అప్పుడు తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలకూ ముప్పే.

కొందరికి ఏ గుర్తూ కనిపించకుండానే బీపీ 140/90 దాటుతుంది. కాబట్టి చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ బీపీ, మూత్రం చూడమని అడగండి. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్లు ఉచితంగా చూస్తారు. కూలి పోతుందని ఆ రోజు మానుకోవద్దమ్మా.

బిడ్డ కదలిక తగ్గిందనిపించినా, నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోయినా, జ్వరం కాసినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా చూడొద్దు.

కాన్పుకు పుట్టింటికి వెళ్లేవాళ్లు తాయి కార్డు (కర్ణాటకలో కడుపుతో ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే కార్డు), స్కానింగ్ కాగితాలు వెంట తీసుకెళ్లండి. అవి లేకపోతే అక్కడి డాక్టరుకు మీ సంగతి మొదటి నుంచీ తెలుసుకోవాల్సి వస్తుంది.

కాన్పయ్యాక మొదటి రోజు చాలా జాగ్రత్తగా కనిపెట్టుకోవాలి. గంట తిరక్కుండానే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే వెంటనే నర్సును పిలవండి. ఇంటికొచ్చాక అలా అయితే 108కు చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. అత్తామామల్ని అడిగి బయల్దేరదాం అనుకోకండి తమ్ముళ్లూ. ఊరికి ఫోను అంబులెన్సులో కూర్చున్నాక చేసుకోవచ్చు.