గేరు మారినట్టు తెలియకుండా

శ్రోతలకు నమస్కారం. కొత్తగా కారు నేర్చుకుంటున్నవారి పక్కన కూర్చున్నప్పుడు నేను వారి చేతుల కంటే ఎక్కువగా వెనక సీటులో కూర్చున్నవారి తలలను గమనిస్తాను. గేరు మారిన ప్రతిసారీ ఆ తలలు ముందుకు వంగి, మళ్లీ వెనక్కి పడుతూ ఉంటే గేరు సరిగా మారలేదని అర్థం. మాటల్లో ఉన్నవారు మాటల్లోనే ఉండి, గేరు మారిన సంగతి ఎవరూ గమనించకపోతే నడిపేవారికి విద్య పట్టుబడుతోందని అర్థం. ఈ రోజు ఆ ఒక్క విషయం గురించే, అంటే కారులో గేర్లను కుదుపు లేకుండా మార్చడం గురించే మాట్లాడదలచుకున్నాను.

నేర్చుకునేవారిలో ఎక్కువమంది తమ ధ్యాసనంతా గేర్ రాడ్ మీదే పెడతారు. ఒకటి ఎక్కడుంది, రెండు ఎక్కడుంది, మూడు వెయ్యబోతే ఐదు పడుతుందేమో అన్న బెదురు మొదట్లో అందరికీ ఉంటుంది. చెయ్యి అలవాటు పడ్డాక ఆ బెదురు దానంతట అదే పోతుంది. కుదుపు మాత్రం అలా పోదు. ఏళ్ల తరబడి కారు నడుపుతున్నవారి బండ్లలో కూడా ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు ఆ కుదుపు అలాగే ఉండిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. కారణం ఏమిటంటే కుదుపు పుట్టేది చేతి దగ్గర కాదు, ఎడమ కాలి దగ్గర. చెయ్యి గేరు వేస్తుంది, అంతే. ఆ గేరుకు ఇంజినును కలిపేది ఎడమ కాలు.

లోపల జరిగేది కొంచెం తెలిస్తే కాలికి పని తేలికవుతుంది. బండి స్టార్టయిన క్షణం నుంచి ఇంజిను తిరుగుతూనే ఉంటుంది. చక్రాలేమో రోడ్డును బట్టి ఒకసారి ఆగుతాయి, ఒకసారి మెల్లగా, ఒకసారి జోరుగా తిరుగుతాయి. ఈ రెండింటినీ కలపడానికీ విడదీయడానికీ మధ్యలో క్లచ్ ఉంది. ఇంజినుతో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికి క్లచ్ ప్లేటు అదుముకుని ఉన్నంతసేపూ ఇంజిను బలం గేర్ బాక్సులోకి వెళ్తుంది. మనం పెడల్ తొక్కితే ప్లేటు విడిపోతుంది, వదిలితే మళ్లీ అతుక్కుంటుంది. అయితే విడిపోవడానికీ పూర్తిగా అతుక్కోవడానికీ నడుమ ప్లేటు రాసుకుంటూ జారే కొద్ది దూరం ఒకటుంది. మన డ్రైవర్లు హాఫ్ క్లచ్ అని పిలిచేది ఆ దూరాన్నే. మెత్తగా గేరు మార్చడమంతా ఆ కొద్ది దూరంలోనే ఉంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తాను. గేర్ బాక్సు నుంచి బయటికి ఒక్క చుట్టు రావడానికి ఇంజిను ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకెను గేరు నిష్పత్తి అంటారు. ఒక కారులో మొదటి గేరు నిష్పత్తి 3.5, రెండోది 2, మూడోది 1.4 అనుకుందాం. మొదటి గేరులో ఇంజిను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు మనం రెండో గేరు వేశాము. బండి వేగం మారలేదు, గేరు మాత్రం మారింది. ఆ వేగం దగ్గర రెండో గేరుకు ఇంజిను సుమారు 1700 చుట్లు తిరిగితే చాలు. అంటే 1300 చుట్లు తగ్గాలి. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే ఇంజిను తనంతట తానే తగ్గడం మొదలుపెడుతుంది, కానీ దానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయం ఇవ్వకుండా క్లచ్‌ను ఠక్కున వదిలేస్తే ఎక్కువగా ఉన్న ఆ చుట్లన్నీ ఒక్కసారిగా చక్రాల మీద పడి బండి ముందుకు దూకుతుంది. యాక్సిలరేటర్ తీసి మరీ ఎక్కువసేపు ఆగితే ఇంజిను అవసరమైన దానికన్నా కిందికి పడిపోయి, క్లచ్ వదలగానే బండి వెనక్కి లాగినట్టు అవుతుంది. ఈ రెండింటికీ మధ్యనున్న క్షణాన్ని చెవి పట్టుకుంటుంది. ఇంజిను శబ్దం దిగుతూ వచ్చి, రెండో గేరులో మామూలుగా వినిపించే స్థాయికి చేరిన చోట క్లచ్ వదలాలి. అందుకే నేర్చుకునే రోజుల్లో కారులో పాటలు పెట్టవద్దని నేను గట్టిగా చెప్తాను. రేడియోలో మాట్లాడుతూ ఈ మాట చెప్పడం కొందరికి వింతగా తోచవచ్చు, అయినా చెప్పక తప్పదు. ఇంజిను వినిపించాలి.

పై గేరుకు వెళ్లడం కంటే కింది గేరుకు రావడం కష్టం. ఇప్పుడు అదే లెక్కను తిప్పి చూడండి. మూడో గేరులో ఇంజిను 2000 చుట్లు తిరుగుతుండగా రెండో గేరు వేశాము. అదే వేగానికి ఇంజిను ఇప్పుడు 2850 చుట్లకు పైగా తిరగాలి. పై గేరుకు వెళ్లేటప్పుడు ఇంజిను దానంతట అదే తగ్గింది కానీ, ఇక్కడ దానంతట అది పెరగదు. మనం పెంచకపోతే క్లచ్ వదిలిన క్షణాన చక్రాలే ఇంజినును బలవంతంగా తిప్పవలసి వస్తుంది. అప్పుడు బండి ముందు భాగం ఒంగుతుంది, తలలు ముందుకు పడతాయి. కదిలే బస్సు ఎక్కదలచినవాడు బస్సుతో పాటు నాలుగు అడుగులు పరుగెత్తి దాని వేగాన్ని అందుకున్నాకే కమ్మీ పట్టుకున్నట్టు, ఇంజిను కూడా ముందుగా గేరు వేగాన్ని అందుకుని ఆ తర్వాత కలవాలి. అందుకు కావలసిందల్లా క్లచ్ తొక్కి ఉండగానే కుడి కాలితో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి చిన్నగా తాకడం.

ఈ తాకడాన్ని నేను అత్యంత శ్రద్ధగా చూసింది తిరుమల ఘాట్ రోడ్డు మీద. కొండ దిగడానికి ఇప్పుడు వాడుతున్న మొదటి ఘాట్ రోడ్డు 1944లో ఏర్పడింది. ఎక్కడానికి వాడే రెండో రోడ్డు 1974లో వచ్చింది. పాత రోడ్డు మీద మెలికలు ఎక్కువ. తిరుపతిలో టాక్సీ నడుపుకునే ఒక పెద్దాయన కారులో ముందు సీటులో కూర్చుని ఆ దారిన దిగుతూ, ఆయన కాళ్ల వైపే చూస్తూ వచ్చాను. వెనక సీటులో ముగ్గురు పెద్దవాళ్లు, ఒకరి ఒడిలో లడ్డూల సంచి.

పెద్ద మెలిక కనిపించగానే, ఇంకా తిన్నటి రోడ్డు మీద ఉండగానే, ఆయన బ్రేకు మీద కాలు వేసి వేగం తగ్గించారు. వేగం తగ్గే పని అంతా బ్రేకే చేసింది, గేరు చేత ఆ పని చేయించలేదు. కావలసినంత తగ్గాక కుడి కాలు బ్రేకు మీద నుంచి లేచింది, అదే సమయంలో ఎడమ కాలు క్లచ్‌ను అడుగు దాకా తొక్కింది. చెయ్యి గేర్ రాడ్‌ను మూడు నుంచి న్యూట్రల్‌కు, అంటే ఏ గేరూ పడని మధ్య స్థానానికి తెచ్చి, పిడికిలి బిగించకుండా అరచేత్తోనే రెండులోకి లాగింది. ఆ లోపల కుడి పాదం యాక్సిలరేటర్‌ను తాకి వదిలింది. ఇంజిను శబ్దం ఒక్క మెట్టు పైకి లేచింది. ఆ శబ్దం లేచి ఉండగానే ఎడమ కాలు పైకి వచ్చింది, మధ్యలో ఒక్క లిప్త నిలిచి, పూర్తిగా వదిలింది. ఏ పనీ తొందరగా చేసినట్టు కనిపించలేదు. బండి కదలికలో ఏ మార్పూ తెలియలేదు. తెలిసిందల్లా ఆ తర్వాత మెలికంతా బ్రేకు అవసరం లేకుండానే ఇంజిను బండిని పట్టి ఉంచడం. వెనక సీటులోవాళ్లు దర్శనం గురించి చెప్పుకుంటున్న మాట ఆగలేదు. నేను అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే మాట: "మలుపులో పడినాక గేరు ముట్టకూడదు సార్, ముందరే వేసేసుకోవాల."

ఆ మాట వెనక చాలా ఉంది. మలుపు మధ్యలో క్లచ్ తొక్కితే బండికి ఇంజిను పట్టు తప్పుతుంది, స్టీరింగ్ మీద ఒక చెయ్యే మిగులుతుంది. ఇక పల్లం పొడవునా బ్రేకు మీదే ఆధారపడితే ప్యాడ్లు కాగి, బ్రేకు ద్రవం మరిగి, పెడల్ మెత్తగా లోపలికి పోయే ప్రమాదం ఉంది. కొండ ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికి కూడా దాదాపు అదే గేరు కావాలని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారిని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే ఇంజినులోకి ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఏర్పాటు ఉన్న నేటి కార్లు గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా పల్లం దిగుతున్నప్పుడు ఇంజినుకు ఇంధనాన్ని ఆపివేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిను ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం పోస్తూనే ఉండాలి. కాబట్టి ఆ లెక్క కూడా తప్పే.

ఒకప్పుడు ఈ యాక్సిలరేటర్ తాకుడు లేకపోతే అసలు గేరే పడేది కాదు. 1928లో అమెరికాలోని క్యాడిలాక్ కంపెనీ సింక్రోమెష్ గేర్ బాక్సును తెచ్చింది. అందులో గేరు పళ్లు కలవడానికి ముందే ఒక ఇత్తడి రింగు రాసుకుని రెండు వైపుల వేగాన్నీ సమం చేస్తుంది. అది లేని బండ్లలో డబుల్ క్లచ్ కొట్టవలసి వచ్చేది. అంటే న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, ఇంజినును లేపి, మళ్లీ తొక్కి గేరు వేయడం. పాత లారీలు నడిపినవారికి ఇది బాగా తెలుసు. నేటి కార్లలో ఆ బాధ లేదు, అయినా ఆ రింగు పని చేయడానికి కొంచెం వ్యవధి కావాలి. గేర్ రాడ్‌ను ఒక్క పోటున నెట్టకుండా, అది అడ్డుపడిన చోట మెల్లగా ఒత్తి పట్టుకుంటే తానే లోపలికి జారుతుంది. రివర్స్ గేరుకు చాలా కార్లలో ఈ ఏర్పాటు ఉండదు, కనుక బండి పూర్తిగా ఆగాకే రివర్స్ వేయాలి. లేకపోతే గరగరమని పళ్లు రాసుకునే శబ్దం వినవలసి వస్తుంది.

సరే, ఇవన్నీ కాలికి ఎలా నేర్పాలి? నేను చెప్పే అభ్యాసం ఒక్కటే. చదునైన ఖాళీ మైదానం చూసుకోండి. ముందు సీటు సరిచేసుకోండి: క్లచ్ అడుగు దాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. మందపాటి అట్ట ఉన్న బూట్లు వద్దు, చెప్పులు అసలే వద్దు, పలుచని అడుగున్న బూట్లు వేసుకోండి. మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్‌ను ముట్టుకోకుండా, క్లచ్‌ను మాత్రమే నెమ్మదిగా వదలండి. ఒక చోట ఇంజిను శబ్దం కాస్త బరువెక్కుతుంది, బండిలో చిన్న వణుకు మొదలవుతుంది. అక్కడ పాదాన్ని ఆపండి. ఆపారు కదా, ఇంకా ఆపే ఉంచండి. బండి తనంతట తానే పాకడం మొదలుపెడుతుంది. అది నిలకడగా కదిలాక మిగతా దూరం వదలండి. మళ్లీ క్లచ్ తొక్కి, బ్రేకు వేసి ఆపి, మళ్లీ మొదలుపెట్టండి. డీజిల్ కారు అయితే ఇది తేలిగ్గా వస్తుంది, పెట్రోలు కారు ఒకటి రెండు సార్లు ఆగిపోతుంది. ఆగినా ఫరవాలేదు. విసుగు పుట్టేదాకా చేయండి, విసుగు పుట్టాక ఇంకొంచెం చేయండి. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో పాదానికి తెలిసిపోయాక రెండో గేరూ మూడో గేరూ నేర్పనవసరం లేదు, అన్నింటికీ పట్టుకునే చోటు అదే.

ఇలా చేస్తే క్లచ్ ప్లేటు అరిగిపోదా అని కొందరు అడుగుతారు. ఇంజిను మెల్లగా తిరుగుతున్నప్పుడు ఆ క్షణం పాటు జారడం వల్ల అరుగుదల చాలా తక్కువ. ప్లేటును తినేది వేరే అలవాటు. హైదరాబాదులో ఫ్లైఓవర్ ఎక్కే దారిలోనో, విశాఖలో కైలాసగిరి ఎక్కే వాలులోనో బండ్లు నిలిచినప్పుడు, హ్యాండ్‌బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీదే, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి, బండిని వెనక్కి జారకుండా నిలబెట్టడం. కాసేపటికి కాలిన వాసన కారులోకి వస్తుంది, ఆ వాసన క్లచ్ ప్లేటుదే. వాలు మీద ఆగితే హ్యాండ్‌బ్రేకు లాగండి, గేరు న్యూట్రల్‌కు తెచ్చి కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. ముందున్న బండి కదలగానే మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్‌ను కొద్దిగా తొక్కి ఉంచి, క్లచ్‌ను మైదానంలో మీకు తెలిసిన ఆ చోటి దాకా వదలండి. ఇంజిను శబ్దం బరువెక్కి, కారు ముందు భాగం కొంచెం పైకి లేచినట్టు అనిపించాకే హ్యాండ్‌బ్రేకు దించండి.