మాల తీసిన మర్నాడు ఏం జరిగింది?

అందరికీ నమస్కారం. ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లే. కౌన్సెలింగ్ గదికైనా ముందుగా వచ్చేది చాలాసార్లు తాగే మనిషి కాదు, ఆయన భార్యో తల్లో. కూర్చోగానే అడుగుతారు: "మా ఆయన రోజూ పనికి వెళ్తాడండీ. జీతం తెస్తాడు. ఇప్పుడే కౌన్సెలింగ్ అవసరమంటారా?"

అవసరమే. పొలం అమ్మాక, ఉద్యోగం పోయాక, లివర్ చెడ్డాక వెళ్లేదే కౌన్సెలింగ్ అని మనలో పాతుకుపోయింది. అందుకే ఆలస్యంగా వస్తాం, లేదా అసలు రాం. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోందని అందులో తేలింది.

క్వార్టరా, హాఫా అన్న లెక్కతో మొదలుపెట్టకండి. ఆ వాదన ఇంట్లో ఎప్పటికీ తెగదు. డాక్టర్లు చాలాకాలంగా అడుగుతున్న నాలుగు ప్రశ్నలున్నాయి. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు వచ్చిందా? తాగినందుకు తప్పు చేశానని బాధపడ్డారా? పొద్దున లేవగానే వణుకు తగ్గడానికో, తల తేలికపడడానికో చుక్క వేసుకున్నారా? రెండింటికి అవునంటే వెళ్లి మాట్లాడాల్సిందే. నన్నడిగితే నాలుగోదానికి అవునన్నా చాలు, ఆ వారంలోనే వెళ్లాలి.

"కానీ అయ్యప్ప మాల వేస్తే నలభై ఒక్క రోజులు ముట్టడు కదండీ, తలుచుకుంటే మానగలడు" అంటారు. ఈ మాట వినని వారం ఉండదు. దీక్షలో చుట్టూ స్వాములుంటారు, నియమం ఉంటుంది, భయభక్తులుంటాయి. ఆ రోజుల్లో మానడం నిజమైన బలమే, కాదనను. కానీ నేను అడిగేది మాల తీసిన మర్నాటి సంగతి. ఆ సాయంత్రమే తాగడం మొదలై వారంలో పాత లెక్కకు చేరితే, ఆ మనిషికి లోటు మనోబలం కాదు. దీక్ష అయిపోయాక పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం. ఆ పట్టు దొరికేది కౌన్సెలింగ్‌లో. తాగాలనిపించే వేళ ఏది, ఎవరితో ఉన్నప్పుడు, జీతం రోజునా, గొడవైన రోజునా, అప్పుడు ఏం చేయాలి అన్నది కూర్చుని తేల్చుకుంటారు.

ఇంకో సంగతి జాగ్రత్తగా వినండి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో, మూడో రోజు లేనివి కనిపించడం, తానెక్కడున్నాడో తెలియకపోవడం మొదలైతే గాలి సోకిందని తాయెత్తులకు తిప్పుతూ కూర్చోకండి. అది అత్యవసర పరిస్థితి. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరుస కట్టింది ఈ లక్షణాలతోనే. అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపిన కల్తీ కల్లు అలవాటైనవాళ్లకూ ఇదే ప్రమాదం. పొద్దున వణుకు ఉంటే ముందు డాక్టరు, తర్వాత కౌన్సెలింగ్. మాల వేసే ముందైనా సరే.

తాగుడు మాన్పిస్తాయంటూ కూరలో తెలియకుండా కలిపే పొడుల జోలికి పోకండి. వాటిలో ఏముందో మనకు తెలియదు. తాగుడు మాన్పించే ఒక రకం మాత్ర ఒంట్లో ఉండగా మద్యం పడితే వాంతులై, బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. ఆ మాత్ర వేసుకునే మనిషికి తెలిసే, డాక్టరు చూస్తుండగానే వాడాలి.

ఆయన రానంటే మీరు రండి. తాగి వచ్చిన రాత్రి మాట్లాడొద్దు, పొద్దున తేటగా ఉన్నప్పుడు ఏం అనాలో ముందే అనుకుని వెళ్లొచ్చు. కొన్ని ఇళ్లలో భార్య నాలుగుసార్లు వచ్చాకే భర్త గుమ్మం తొక్కుతాడు. కొడుతుంటే మాత్రం ముందు మీరూ పిల్లలూ భద్రంగా ఉండే చోటు చూసుకోవాలి, మాటలు ఆ తర్వాత.

14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలిమానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రెండూ ఉచితం. టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. నలుగురికీ తెలిసిపోతుందన్న టెన్షన్ వద్దు, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ఇక మీ ప్రశ్నలు. అందరి ముందు అడగలేనివాళ్లు చీటీ మీద రాసి ఇవ్వండి, పేరు అక్కర్లేదు. చివరిదాకా ఇక్కడే ఉంటాను.