మాస్టారి పుస్తకం, పిల్లల రాతలు

అందరికీ నమస్కారం. ఈ నెల చర్చకు పీటర్ హెస్లర్ చైనా అనుభవాల పుస్తకం ‘రివర్ టౌన్’ పెట్టుకున్నాం. ఇంకా చదవనివాళ్లు కంగారుపడకండి, ముందే చెప్పేస్తే పాడైపోయే కథేమీ లేదిందులో.

1996లో పీస్ కోర్ (విదేశాలకు వాలంటీర్లను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాలంటీరుగా ఈ అమెరికన్ కుర్రాడు చైనాలో యాంగ్జీ నది ఒడ్డునున్న ఫూలింగ్‌కి వెళ్లాడు. అప్పటికి ఆ ఊరికి రైలు లేదు. అక్కడి టీచర్ల ట్రైనింగు కాలేజీలో రెండేళ్లు ఇంగ్లీషు సాహిత్యం చెప్పాడు. విద్యార్థులు ఎక్కువగా సిచువాన్ రైతుల పిల్లలు, రేపు పల్లెబళ్లలో ఇంగ్లీషు చెప్పాల్సినవాళ్లు.

షేక్‌స్పియర్ సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) పాఠం నాకు బాగా నచ్చింది. పిల్లలు బల్లల మీద దరువేస్తూ పాదం నడక పట్టుకుంటారు. మన తెలుగు మాస్టార్లు గురులఘువులు గుర్తుపెట్టించినట్టే! సొంత పద్యసంప్రదాయం గట్టిగా ఉన్నవాళ్లు కదా, షేక్‌స్పియర్‌ని చూసి బెదరలేదు. క్లాసు దాటితే ఈయనే విద్యార్థి. చైనీస్ ట్యూషన్లో తప్పు పలికినప్పుడల్లా చీవాట్లు తింటాడు. తనమీద తాను నవ్వుకోగలడు, అది పెద్ద గుణం.

ఊళ్లో నదిమధ్య బైహెలియాంగ్ అనే రాతిగుట్ట ఉండేది. చలికాలం నీళ్లు తగ్గితే దానిమీద చెక్కిన చేపలు బయటపడేవి. పన్నెండు వందల ఏళ్లుగా నీటిమట్టాలు అక్కడ చెక్కి పెట్టారు. యాంగ్జీ మీద కట్టిన త్రీ గోర్జెస్ ఆనకట్టతో అది శాశ్వతంగా మునిగింది. 2009 నుంచి నీళ్లడుగున మ్యూజియంలో చూడాలి. ఇంత జరగబోతుంటే జనం పట్టనట్టున్నారేమిటని హెస్లర్ ఆశ్చర్యపోతాడు. రెండేళ్లుండి వెళ్లిపోయేవాడు ఎంతైనా ఆశ్చర్యపోవచ్చు. అక్కడే బతకాల్సినవాళ్లు ఎవర్ని అడుగుతారు?

నాకు తేలని సంగతి వేరే ఉంది. ఈ పుస్తకానికి ప్రాణం పిల్లల కాంపోజిషన్లు. అమ్మానాన్నల గురించి, ఊరి గురించి మాస్టారు దిద్దుతారని రాసినవి. అవి 2001లో అమెరికాలో అచ్చయ్యాయి. చైనా ప్రధాన భూభాగంలో చైనీస్ అనువాదం రావడానికి 2012 పట్టింది. రాసిన పిల్లలకు ఇంగ్లీషొచ్చు, నిజమే. వాళ్ల అమ్మానాన్నలకో? అయితే హెస్లర్ రాసేసి చేతులు దులుపుకోలేదు. 2019లో మళ్లీ వెళ్లి సిచువాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. పాత శిష్యులు 2024లో వచ్చిన ఆయన పుస్తకం ‘అదర్ రివర్స్’లోనూ కనిపిస్తారు. అయినా నా అనుమానం పూర్తిగా తీరలేదు.

ఈ హాల్లో టీచర్లు చాలామందే ఉన్నారు. మీ క్లాసులో పిల్లాడు వాళ్లమ్మ గురించి రాసిన వ్యాసాన్ని మీ పుస్తకంలో వేసుకోవాలనిపిస్తే ముందు ఎవర్ని అడుగుతారు? మీతోనే మొదలుపెడదాం, మైకు ఆ వరసకివ్వండి.