సంతకాలతో చేతులు మారిన బడి

అందరికీ నమస్కారం.

చార్టర్ స్కూల్ అనగానే మనలో చాలామంది ప్రైవేటు బడి అనుకుంటాం. కాదు. అక్కడ ఫీజు ఉండదు, పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకోవడం కుదరదు, డబ్బు ప్రభుత్వానిదే. నడిపేది మాత్రం ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్న వేరే సంస్థ. మన ఎయిడెడ్ బడికి దూరపు చుట్టం అనుకోండి. అమెరికాలో ఇలాంటి మొదటి చట్టం 1991లో మిన్నెసోటాలో వచ్చింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియా కూడా చేసుకుంది.

ఇవాళ ఒక్క బడి గురించే మాట్లాడతాను. లాస్ ఏంజెలస్‌లో వాట్స్ ప్రాంతపు లాక్ హైస్కూలు.

1965 ఆగస్టులో పోలీసులు ఒక నల్లజాతి యువకుడి కారు ఆపారు. మాటామాటా పెరిగింది, జనం పోగయ్యారు. ఆరు రోజుల పాటు వాట్స్ తగలబడింది. 34 మంది చనిపోయారు. ఆ తర్వాత గవర్నర్ వేసిన కమిషన్ ఎత్తిచూపిన వాటిలో ఉద్యోగాల్లేకపోవడంతో పాటు నాసిరకం చదువులూ ఉన్నాయి. రెండేళ్లకి, 1967లో, ఈ హైస్కూలు తెరిచారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకి ఇచ్చే పేరున్న రోడ్స్ స్కాలర్‌షిప్‌ని నల్లజాతివాళ్లలో తొలిసారి గెలిచిన తత్వవేత్త అలైన్ లాక్ పేరు పెట్టారు. పేరు పెట్టడంలో ఏ లోటూ చేయలేదు. అది మనకీ బాగా తెలిసిన విద్యే.

మొదటి రోజులు నిజంగానే బాగున్నాయి. బేస్‌బాల్ అభిమానులెవరైనా ఉంటే వినండి: ఎడ్డీ మర్రే, ఓజీ స్మిత్ ఇద్దరూ ఈ బడి జట్టులో కలిసి ఆడినవాళ్లే. ఇద్దరూ ఆ ఆటలో మేటి ఆటగాళ్లకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లారు. సంగీతంలో రెజ్జీ అండ్రూస్ మాస్టారి దగ్గర తయారైన గాయని, పియానిస్టు పట్రీస్ రషన్ పేరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

తర్వాత చుట్టుపక్కల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. దగ్గర్లోని సౌత్ గేట్‌లో 1980లో ఫైర్‌స్టోన్ టైర్ల ప్లాంటు, 1982లో జనరల్ మోటార్స్ ప్లాంటు. నాన్నకి పని పోతే ఇంట్లో ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? గ్యాంగులు పెరిగాయి. కొన్నేళ్లకి నల్లజాతి కుటుంబాలు తగ్గి, లాటినో (మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్న) కుటుంబాలు ఎక్కువయ్యాయి. తొమ్మిదో తరగతిలో నిండుగా ఉన్న బెంచీలు పన్నెండుకి వచ్చేసరికి ఖాళీ.

ఇక అసలు మలుపు 2007లో. ఉన్న బడిని చార్టర్‌గా మార్చాలంటే పర్మనెంటు టీచర్లలో కనీసం సగం మంది సంతకం పెట్టాలని కాలిఫోర్నియా చట్టం. లాక్‌లో సగం కంటే ఎక్కువ మందే పెట్టారు. మార్పుకి మద్దతిచ్చిన ప్రిన్సిపాల్‌ని స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) అధికారులు తప్పించారు. టీచర్ల యూనియన్ గట్టిగా వ్యతిరేకించింది. ఆ సెప్టెంబరులో స్కూల్ బోర్డు సరేనంది. స్టీవ్ బార్ స్థాపించిన గ్రీన్ డాట్ అనే సంస్థ చేతికి 2008 వేసవిలో బడి వచ్చింది. అప్పగింతకి కొద్ది వారాల ముందు, మే నెలలో, ఆవరణలో వందల మంది పిల్లలు కొట్టుకున్నారు.

గ్రీన్ డాట్ పెద్ద బడిని చిన్న చిన్న అకాడమీలుగా విడగొట్టింది, యూనిఫాం పెట్టింది. పాత టీచర్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. చాలామందికి ఉద్యోగం దక్కలేదు. సంతకం పెట్టినప్పుడు ఈ సంగతి ఎంతమంది ఊహించారో!

నన్ను ఆకట్టుకున్నది వేరే విషయం. మామూలుగా చార్టర్ బడిలో సీటుకి తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టాలి, ఎక్కువైతే లాటరీ తీస్తారు. అంటే కనీసం ఫారం నింపే ఓపిక ఉన్న ఇంటి పిల్లలే వస్తారు. లాక్ అలా కాదు. ఆ పేట పిల్లలందరినీ ఉన్నవాళ్లని ఉన్నట్టు తీసుకోవాలి. జైలు నుంచి వచ్చినవాడైనా, ఇంగ్లిష్ రాని పిల్లయినా. అందుకే ఇక్కడి ఫలితాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. తర్వాత యూసీఎల్ఏ (లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) పరిశోధకులు పోల్చి చూస్తే, బడి మానకుండా నిలబడేవాళ్లు, చదువు పూర్తి చేసేవాళ్లు పెరిగారని తేలింది. మార్కులు మాత్రం అంత ఎగబాకలేదు. పైగా ఈ మార్పుకి నాలుగేళ్లలో సుమారు 15 మిలియన్ డాలర్లు అదనంగా అయ్యాయని అప్పట్లో పత్రికలు రాశాయి. అందులో ఎక్కువ భాగం దాతలది. మరి దాత దొరకని పేట సంగతి?

ఒక్క మాట. ఈ కథలో చట్టం అడిగింది టీచర్ల సంతకాలే. అమ్మానాన్నలకి చోటు లేదు. 2010లో ఆ లోటు తీర్చడానికి కాలిఫోర్నియా ఇంకో చట్టం తెచ్చింది. తల్లిదండ్రుల్లో సగం మంది సంతకం చేసినా చాలని. మొదటి ప్రయత్నం వాట్స్ పక్కనే, కాంప్టన్‌లోని ఒక ఎలిమెంటరీ స్కూల్లో జరిగింది. కాగితాల మీద సంతకాల పక్కన తేదీలు లేవని కోర్టు ఆ ప్రయత్నాన్ని కొట్టేసింది.